లాక్స్‌టన్ పొలాలకు కంచె లేదు, కోర్టు ఉంది

పాసుపుస్తకంలో మనం ఎకరాల్లో రాసుకునే భూమి లెక్క ఎక్కడో ఇంగ్లండు పొలాల్లో పుట్టింది. ఎకరమంటే 4,840 చదరపు గజాలు. అయిదు వేలో నాలుగు వేలో కాకుండా ఈ చిల్లర లెక్కేమిటి? 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉన్న ఒక పట్టీని ఊహించుకుంటే సంగతి తెలుస్తుంది. ఎడ్లు ఆయాసపడి ఆగకుండా ఒక్క ఊపున లాగగలిగిన నాగటి చాలు పొడవు 220 గజాలు. ఫర్లాంగు అనే మాటకు అసలు అర్థమే చాలు పొడవు. ఆ వెడల్పున పొద్దుటి నుంచి దున్నుకుంటూ పోతే ఒక రోజు పని అవుతుంది. అదే ఎకరం. ఆ 22 గజాల వెడల్పు ఒక కొలగొలుసు పొడవు; క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు కావడం కూడా ఆ గొలుసు పుణ్యమే.

ఆ ఎకరాన్ని కన్న పొలాలు ఇంగ్లండులో ఇప్పుడు దాదాపు లేవు. వాటి సాగు, దాన్ని నడిపే కట్టుబాటు రెండూ కలిసి బతికున్న ఊరు ఒకటే మిగిలింది. నాటింగ్‌హామ్‌షైర్‌లో, షేర్‌వుడ్ అడవికి తూర్పున ఉన్న లాక్స్‌టన్ అది. ఒక చర్చి, నార్మన్ల కాలపు కోట మట్టిదిబ్బ, డవ్‌కోట్ ఇన్ అనే పూటకూళ్లూ తాగుళ్లూ కలిసిన ఒక పబ్బు, వీధి వెంట ఎర్ర ఇటుకల ఇళ్లు. ఊరు ఇంతే. అయితే ఈ ఇళ్లలో ఒక విశేషముంది. ఇంగ్లండులో చాలాచోట్ల రైతు ఇల్లు పొలం మధ్యలో ఒంటరిగా ఉంటుంది. లాక్స్‌టన్‌లో రైతుల ఇళ్లన్నీ మన ఊళ్లలో లాగా ఒకే వీధిలో, ఒకదాని పక్కన ఒకటి. పొలం ఒక్కచోట లేనివాడు పొలంలో ఇల్లు ఎలా కట్టుకుంటాడు? వాళ్ల భూమి ఊరి చుట్టూ ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది.

వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. ఇవీ ఊరి మూడు పెద్ద పొలాలు. మూడూ కలిపి ఇప్పుడు సుమారు 480 ఎకరాలు. ఒక్కోటి ఎన్నో పొడవాటి చెక్కలుగా ఉంటుంది. ఈ చెక్క ఒక రైతుది, పక్కది ఇంకొకరిది, ఆ పక్కది మరొకరిది. మధ్యలో కంచె లేదు, కంప లేదు, మనకుండే గట్టు కూడా లేదు. ఒక పొలంలో ఈ ఏడు చలికాలపు గోధుమ వేస్తే వచ్చే ఏడు వసంతపు పైరు, ఆ పై ఏడు బీడు. ఊరు మొత్తానిదీ ఒకే వరస. ఎవరికి వారు సొంతంగా మార్చుకోవడానికి లేదు.

ఇదంతా పాతకాలపు అమాయకత్వంగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇందులో చాలా లెక్క కనిపిస్తుంది. మన దగ్గర అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పదెకరాల్ని అటు అయిదూ ఇటు అయిదూ అని గీత గీసి ఊరుకోరు. మెరకలో ఇంత, పల్లంలో ఇంత, చెరువు కింద ఇంత అని ప్రతి ముక్కనూ పంచుకుంటారు. పట్టణంలో చదువుకున్న కొడుకు వచ్చి ఇన్ని ముక్కలేమిటని విసుక్కుంటాడు. ముసురు పట్టి పల్లం మునిగిన ఏడు మెరక చెక్కే ఇంటికి గింజలు తెస్తుంది. లాక్స్‌టన్‌లో నేల బరువైన బంకమట్టి. తడిస్తే కాలు దిగబడుతుంది, ఎండితే పెళ్ల కట్టుకుంటుంది. అలాంటి నేలలో ఒక్కచోటే భూమి ఉన్నవాడు అదృష్టం మీద బతకాలి. పదిచోట్ల ఉన్నవాడికి ఒకచోట పోయినా మరోచోట మిగులుతుంది.

ఈ పొలాలు 1635లో ఎలా ఉండేవో చూపించే పటం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో భద్రంగా ఉంది. అప్పట్లో ఊరిని కొనుక్కున్న లండన్ వర్తకుడు సర్ విలియం కోర్టీన్ కోసం మార్క్ పియర్స్ అనే సర్వేయర్ దాన్ని గీశాడు. (అదే కోర్టీన్ ఆ రోజుల్లోనే ఈస్టిండియా కంపెనీకి పోటీగా మన పడమటి తీరానికి ఓడలు పంపే ఏర్పాట్లలో ఉన్నాడు.) వేలాది చెక్కలు, ఒక్కోదానికి ఒక నంబరు. ఏ నంబరు ఎవరి సాగులో ఉందో చెప్పే రిజిస్టరు వేరే ఉంది. ఆ గీతల మధ్యలో దున్నేవాళ్లు, కోత కోసేవాళ్లు, వేటకు వెళ్లేవాళ్లు చీమలంత బొమ్మలుగా కనిపిస్తారు. మన అడంగల్‌కూ, సర్వే కొలతల పుస్తకమైన ఎఫ్ఎంబీకీ తాతలాంటి పత్రం అది, పైగా మనుషులున్న పత్రం.

ఆ పటానికీ ఇప్పటి పొలానికీ మధ్య ఇంగ్లండు మీదుగా పెద్ద తుపానే వెళ్లింది. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా కంచెల బిల్లులు తెచ్చింది. వాటి కిందకు వచ్చింది 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండు మొత్తం విస్తీర్ణంలో దాదాపు అయిదో వంతు. ముక్కలన్నీ కలిపి ఒక్కొక్కరికి ఒక్కచోట ఇచ్చారు. చుట్టూ ముళ్లపొదల కంచె వేశారు. ఊరుమ్మడి బీడు పోయింది. రెండు సెంట్ల తోట, ఒక ఆవు, బీడులో మేపుకునే హక్కు, వీటి మీదే బతికిన కూలివాడికి ఆవు పోయింది, పాలు పోయాయి, చివరికి ఊరే పోయింది. కంచెలను గట్టిగా సమర్థించిన వ్యవసాయ నిపుణుడు ఆర్థర్ యంగ్ సైతం ఊళ్లు తిరిగి చూసి, 1801 నాటికి చాలాచోట్ల పేదవాళ్లు దెబ్బతిన్నారని ఒప్పుకున్నాడు.

కంచెలు రాకపోతే దిగుబడులు పెరిగేవి కావని వాదించేవారున్నారు. కంచె పడిన చోట కౌలు పెరిగిన మాట నిజం. కౌలు పెరగడమంటే దొర ఆదాయం పెరగడమే గానీ గింజ పెరగడమని దానంతటదే రుజువైపోదు. ఈ రెంటినీ ఒకటిగా చూపించే అలవాటు ఇప్పటికీ పోలేదు.

మరి లాక్స్‌టన్ ఎలా మిగిలింది? ఎవరో మహానుభావుడు కాపాడాలని కాపాడలేదు. ఊళ్లో ఇద్దరు పెద్ద భూస్వాములుండేవారు. భూముల మార్పిడి మీద వాళ్లకు పొసగలేదు. తీరా పొసిగే నాటికి కంచెలు వేయించే ఖర్చు, ఆసక్తి రెండూ తగ్గాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెక్కల్ని కలిపి పెద్దవి చేశారు గానీ పద్ధతిని తీసేయలేదు. పోట్లాట కారణంగా బతికిన ఊరది.

పోట్లాట వల్ల ఊరు మిగిలి ఉండవచ్చు. మిగిలినదాన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది మాత్రం ఏడాదికోసారి జరిగే ఒక పని. నవంబరు నెలాఖరు గురువారం. ఆ ఏడు గోధుమ వేసిన పొలంలో మొలకలు అప్పుడే పైకి వచ్చి ఉంటాయి. పన్నెండు మంది రైతుల జ్యూరీ ట్రాక్టర్ ట్రెయిలర్ ఎక్కి పొలానికి వెళ్తుంది. చలి, బురద, రబ్బరు బూట్లు. చెక్క చివర నిలబడి ఒకరు కన్ను చికిలించి వరస చూస్తారు. పాత హద్దు ఎక్కడుందో, చాలు ఎక్కడ పడిందో బేరీజు వేస్తారు. హద్దున కొయ్య గూటం నిలిపి సుత్తితో దిగ్గొడతారు. దారిలోకో ఉమ్మడి గడ్డిలోకో ఒక చాలు ఎక్కువ దున్నాడా, పేరు కాగితం మీదకు ఎక్కుతుంది. తప్పు ఎంత కట్టాలో అందరూ కలిసి తేలుస్తారు. మొత్తం చిన్నదే, ఎవరి ఇల్లూ గుల్ల కాదు. కానీ వారం తిరిగేసరికి ఆ కాగితం డవ్‌కోట్ ఇన్‌లో కొలువుదీరే కోర్ట్ లీట్ అనే ఊరి కోర్టు ముందు, ఊరందరి ఎదుట చదువుతారు. తప్పు వేసినవాడు, వేయించుకున్నవాడు అక్కడే పక్కపక్కన కూర్చుంటారు. వచ్చే ఏడు జ్యూరీలో వాళ్ల స్థానాలు తారుమారు కావచ్చు.

గట్టు తగాదా అంటే ఏమిటో తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. మూరెడు గట్టు కోసం తరాలు మాటల్లేకుండా ఉన్న కుటుంబాలు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. సర్వేయర్ని పిలిపించి, గొలుసు వేయించి, రాయి పాతించి, రాత్రికి రాత్రి రాయి జరిగి, సివిల్ కోర్టుకు వెళ్లి, తండ్రి వేసిన దావా కొడుకు నడిపిస్తాడు. లాక్స్‌టన్‌లో తగాదా పుట్టకముందే, పైరు రెండు వేళ్ల ఎత్తున ఉండగానే, ఆ మట్టి తెలిసినవాళ్లే వచ్చి గూటం పాతేస్తారు. తగువు ముదరడానికి సమయమే ఇవ్వరు.

మనకు బాగా తెలిసిన ఇంకో మాట కూడా ఈ కట్టుబాట్లలో ఉంది. దారితప్పి పైరులో పడ్డ పశువును కట్టేసే బందెలదొడ్డి, దానికో కాపరి. మన ఊళ్లలోనూ బందెలదొడ్డి నడిచింది, 1871 నాటి బ్రిటిషు చట్టం కింద. ఇంగ్లండు పల్లెలో దొడ్డిని ఊరివాళ్ల కోర్టు చూసుకుంటే మన దగ్గర అది సర్కారు దొడ్డి అయింది. అపరాధం కట్టి ఆవును విడిపించుకున్న రైతుకు అందులో తన మాట ఎక్కడా లేదు. కట్టడం ఒకటే, దాని వెనక ఉన్న మనుషులు వేరు.

1977లో బ్రిటన్ ఇలాంటి పాతకాలపు మేనరు కోర్టుల, అంటే దొరల ఎస్టేట్లలోని ఊరి కోర్టుల, అధికారాలను చట్టం చేసి తీసేసింది. ఉమ్మడి సాగును నడిపించే లాక్స్‌టన్ కోర్టు పని మాత్రం ఆగకుండా మినహాయింపు ఇచ్చింది. సరైన పనే చేసింది. డెవన్‌లోని బ్రాంటన్ గ్రేట్ ఫీల్డ్ చూడండి. అక్కడా పాత చెక్కలున్నాయి. వాటి మీద ఊరి కోర్టు పెత్తనం లేదు. ఒకరు పక్క చెక్క కొని కలుపుకుంటే మధ్య గీత ఒక్క చాలుతో చెరిగిపోతుంది. వందల చెక్కలు అలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

1968లో జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఉమ్మడి ఆస్తి నాశనం కాక తప్పదని వాదించాడు. ప్రతి ఒక్కరూ తన పశువును ఇంకొకటి అదనంగా తోలతారనీ, చివరికి బీడు ఎవరికీ మిగలదనీ. ఆ వాదన ప్రపంచమంతటా ప్రభుత్వాలకు మంత్రమైంది. ఉమ్మడిదాన్ని అయితే సర్కారు లాక్కోవాలి, లేదంటే ప్రైవేటుకు ఇచ్చేయాలి. ఆ వ్యాసం అచ్చయిన ఏడు కూడా నవంబరులో లాక్స్‌టన్ జ్యూరీ పొలానికి వెళ్లింది. కట్టుబాట్లు తామే పెట్టుకుని, తామే కాపలా కాసుకునే సమాజాలు ఉమ్మడిని శతాబ్దాల పాటు నిలుపుకోగలవని ఎలినార్ ఆస్ట్రమ్ ఎన్నో దేశాల ఉదాహరణలతో చూపించి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకుంది.

ఇక ఆందోళన పడాల్సిన సంగతి. 1952లో ఈ ఊరి భూమిని భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ నుంచి వ్యవసాయ మంత్రిత్వశాఖ కొన్నది. ఈ పద్ధతి చెడకూడదన్నదే అప్పటి ఉద్దేశం. 1981లో ప్రభుత్వం చేతులు దులుపుకుంటే, రాచరికపు ఆస్తుల్ని చూసుకునే క్రౌన్ ఎస్టేట్ తీసుకుంది. 2020లో క్రౌన్ ఎస్టేట్ కూడా వదిలించుకుంది. భూమి థోర్స్‌బీ ఎస్టేట్‌కు, అంటే పాత మాన్వర్స్ వంశీకుల ఎస్టేట్‌కే, తిరిగి చేరింది. కొత్త యజమానులు చెడ్డవాళ్లని నేననడం లేదు. ఈ ఊరితో వాళ్లకు పాత బంధముంది. కానీ డెబ్బై ఏళ్లలోపే ఒక జాతీయ వారసత్వం దొర చేతి నుంచి సర్కారుకు, సర్కారు నుంచి మళ్లీ దొర చేతికి వచ్చిందంటే, రైతుకు చేసిన వాగ్దానం ఎంత బలమైనదో ఆలోచించాల్సిందే. సాగు చేసేవాళ్లు ప్రతిసారీ కౌలుదార్లుగానే మిగిలారు.

అంతకన్నా పెద్ద ప్రమాదం నిశ్శబ్దంగా వస్తోంది. ట్రాక్టర్లు పెద్దవయ్యాయి, కమతాలు పెద్దవయ్యాయి, రైతులు తగ్గారు. ఒకాయన వయసుడిగి సాగు మానేస్తే ఆయన చెక్కలు మరో ఇద్దరికి చేరతాయి. పన్నెండు మంది జ్యూరీ నిలవాలంటే ఊళ్లో అంతకు తగినంత మంది రైతులుండాలి. నలుగురే మిగిలిన రోజున ఎవరి చాలు ఎవరు కొలుస్తారు? ఆనాడు చెక్కలు, పటం, పబ్బు అన్నీ ఉంటాయి, చూడడానికి వచ్చేవాళ్లూ ఉంటారు. కోర్టు ఉండదు.

బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండు పాత సబ్సిడీలను తీసేసి, పర్యావరణానికి మేలు చేసే రైతుకే డబ్బిస్తానంటోంది. నేలకు బలమిచ్చే పప్పుజాతి బీడుకు, రకరకాల గడ్డి కలిపి పెంచే పచ్చికకు ఎకరానికింత అని రేటు కట్టింది. 2025 మార్చిలో ఉన్నపళాన కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది కూడా. లాక్స్‌టన్‌లో మూడో వంతు పొలానికి వరసగా విశ్రాంతి దొరకడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. పొలాల మధ్య పల్లాల్లో నాగలి తగలని గడ్డి పట్టీలున్నాయి, వాటిని సైక్‌లంటారు. ఎన్నడూ దున్నకపోవడం వల్లే అక్కడ అరుదైన పూలమొక్కలు మిగిలాయి. ఆ గడ్డి రక్షిత స్థలంగా గుర్తింపు పొందింది. ప్రభుత్వం ఇతర చోట్ల డబ్బిచ్చి మొలిపించాలనుకుంటున్నది ఇక్కడ కట్టుబాటు వల్ల ఉంది.

అయితే ఆ డబ్బు ఒక్కో రైతుకు, ఒక్కో కమతానికి విడివిడిగా వెళ్తుంది. ఎవరి దరఖాస్తు వారిదే. ఎక్కువ ఎకరాలున్నవాడికి ఎక్కువ అందుతుంది, చెక్కలు కలుపుకోవడానికి అది మరో కారణమవుతుంది. ఆ డబ్బులో కొంతైనా ఊరి కోర్టుకు ఉమ్మడిగా చేరాలి. చిన్న కమతం తీసుకునే కుర్రరైతుకు ఆ కోర్టు మాటతో కౌలు దొరకాలి. భూమి ఎవరి పేరున ఉన్నా, ఖాళీ అయిన చెక్కలు ఎవరికి ఇవ్వాలో చెప్పే హక్కు ఆ పన్నెండు మందికి ఉండాలి. ఎస్టేటుకు ఇది కాస్త ఇబ్బందే. కానీ గూటం ఎక్కడ పాతాలో తేల్చే అధికారం ఇన్నేళ్లు వాళ్ల దగ్గరే ఉంది, దాన్ని తప్పుగా వాడుకున్నారని ఎవరూ అనలేదు.

వచ్చే నవంబరు నెలాఖరు గురువారం ఆ ట్రెయిలర్ మళ్లీ బయలుదేరుతుంది. ఎక్కేటప్పుడు వెనకున్నవాళ్లు ముందున్నవాళ్లకు గూటాల కట్ట అందిస్తారు. అందులో ముప్పై దాటనివాళ్లు ఎంతమంది ఉంటారన్నది నేను చూడాలనుకునే లెక్క.