నేను ఎదిగాను, ఇక్కడ సంతకం పెట్టండి సార్

మొన్న సోమవారం మా మెంటర్ సార్ క్లాసుకొచ్చి తలా ఒక కాగితం పంచారు. పైన కాలేజీ ముద్ర, దాని కింద "ఫస్టియర్‌లో నా వ్యక్తిత్వ వికాసం" అని హెడ్డింగు, ఆ కింద 18 గీతలు, చివర మెంటర్ సంతకానికి ఒక డబ్బా. త్వరలో ఏదో కమిటీ వస్తోందట, ఇవన్నీ ఫైల్లో ఉండాలట, మర్నాడు పదింటికల్లా ఇచ్చేయాలట. "సార్, ఎదగనివాళ్ళు ఏం రాయాలి?" అని వెనక బెంచీలోంచి ఎవడో అడిగాడు. "ఎదగనివాడికి హాల్ టికెట్ ఇవ్వం" అన్నారు సార్. దాంతో మా సెక్షన్‌లో 66 మందిమీ అప్పటికప్పుడు ఎదిగిపోయాం.

నేను మాత్రం ఈ పనిని బాధ్యతగా తీసుకున్నాను. నా వికాసం 18 గీతల్లో పట్టేది కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముందు ఎక్కడ్నుంచి ఎదిగానో చెప్పాలి, లేకపోతే ఎంత ఎదిగానో మీకు అంతుపట్టదు.

ఇంటర్ రెండేళ్ళూ విజయవాడ పొలిమేరలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాను. మా ఇల్లు సత్యనారాయణపురంలో, ఆటో ఎక్కితే ముప్పావు గంట, అయినా వెళ్ళడానికి వీల్లేదు. పొద్దున 5కి బెల్లు, రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పడం, మధ్యలో ఉన్నదంతా స్టడీ అవరే. నాకు ఎప్పుడు ఆకలేయాలో కూడా బెల్లే చెప్పేది. ఆదివారం అమ్మ పులిహోర డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వస్తే చెట్టు కింద కూర్చుని తినేవాణ్ణి, డబ్బా సగంలో ఉండగానే టైమైపోయిందని వాచ్‌మన్ విజిల్ వేసేవాడు. ఆ రెండేళ్ళలో నేను ఒక్క సబ్బు కొనలేదు, ఒంటరిగా ఒక్క రోడ్డు దాటలేదు, ఎవరితోనూ బేరమాడలేదు. కానీ ఈఏపీసెట్‌లో (మా నాన్న ఇప్పటికీ ఎంసెట్ అనే అంటాడు) 160 ప్రశ్నలకి 180 నిమిషాలు ఇస్తారు కదా, అంటే ఒక్కో ప్రశ్నకి 67 సెకన్ల చిల్లర, ఆ 67 సెకన్లలో నన్ను కొట్టేవాడు మా బ్యాచ్‌లో లేడు. నాలుగు ఆప్షన్లు ఇవ్వండి చాలు, ఎంతటి సమస్యనైనా తేల్చేస్తాను. ఆప్షన్లు ఇవ్వకపోతేనే చిక్కు.

ఆప్షన్లు లేని మొదటి పరీక్ష గుంటూరులో ఒక బ్యాంకులో రాశాను. కాలేజీ ఫీజుకి డీడీ తీయాలి. "పెద్దవాడివయ్యావు, నువ్వే వెళ్ళి తీసుకో" అని నాన్న పంపాడు. ఫారం పట్టుకుని, దారంతో కట్టేసిన పెన్ను పట్టుకుని, పావుగంట నిలబడ్డాను. ఎక్కడా ఏ, బీ, సీ, డీ లేవు. ఇంతలో మిర్చి యార్డులో సరుకు అమ్ముకుని వచ్చిన ఒక పెద్దాయన పక్కన నిలబడ్డాడు. చొక్కా మీద ఇంకా కారం ఉంది, ఆయన కండువా దులిపినప్పుడల్లా లైన్లో నలుగురు తుమ్ముతున్నారు. "అబ్బాయ్, చదువుకుంటున్నట్టున్నావు, కళ్ళు ఆనట్లేదు, ఈ ఫారం కాస్త రాసిపెట్టు" అన్నాడు. నేను సిగ్గుపడుతూ నా ఫారం చూపించాను. తెల్లగా ఉంది. ఆయనకి కళ్ళు ఆనకపోయినా తెల్లగా ఉందన్న సంగతి ఆనింది. "సరే, నేను చెప్తా, నువ్వు రాయి" అని రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టించి, వేలితో తడిమి చూపిస్తూ, "ఇక్కడ ఎవరి పేరు మీదో అది, ఇక్కడ అంకెలు, ఇక్కడ అక్షరాల్లో, చివర 'మాత్రమే' అని రాయి, లేకపోతే తిప్పి పంపుతారు" అన్నాడు. తుమ్ముకుంటూ రాశాను. అంతా అయ్యాక ఏం చదువుతున్నావని అడిగాడు. సీఎస్‌ఈ, ఏఐ అండ్ ఎంఎల్ అండి అన్నాను. అంటే ఏందీ అన్నాడు. "కంప్యూటర్లకి తెలివితేటలు నేర్పడం అండి" అన్నాను. ఆయన నా వంక చూశాడు, ఫారం వంక చూశాడు, "మంచిది" అని తన డబ్బులు కట్టడానికి వెళ్ళిపోయాడు. ఇది నా నివేదికలో ఆర్థిక అక్షరాస్యత కింద వస్తుంది.

గది బ్రాడీపేటలో దొరికింది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట అడ్రసులు 4/5, 5/4 అని ఉంటాయి, అంటే ఇన్నో లైను, ఇన్నో అడ్డరోడ్డు. రెండేళ్ళు కోఆర్డినేట్ జామెట్రీ రుబ్బినవాణ్ణి, ఎక్స్ ఇచ్చారు, వై ఇచ్చారు, ఇంకేం కావాలి? పెట్టె మోసుకుంటూ సరాసరి వెళ్ళి 4/5 బదులు 5/4లో ఒక ఇంటి తలుపు కొట్టాను. ఆ ఇంటి మామ్మగారు లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చి, "ఏటా నీలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తుంటార్లే నాయనా" అంది. గదిలో నలుగురం. అన్నం మేం వండుకుంటాం, కూర కర్రీ పాయింట్‌లో. అక్కడ పప్పు ప్యాకెట్ కొన్నాక చారు ఊరికే వేయించుకోవడానికి ఒక పద్ధతి ఉంది, "అన్నా, చారు కాస్త..." అని సగంలో ఆపేయాలి, పూర్తిగా అడిగితే వేయడు. ఇది నేర్చుకోవడానికి నాకు దసరా దాకా పట్టింది.

హాజరు సంగతి. 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు, అంటే తగ్గిన హాజరుని మన్నించమని కట్టే డబ్బు, కట్టి గట్టెక్కొచ్చు. 65 కూడా లేకపోతే డిటెయిన్, అంటే పై తరగతికి పోకుండా అక్కడే ఆగిపోవడం. ఈ మూడు ముక్కల మీద మా గదిలో జరిగినన్ని లెక్కలు రామానుజన్ ఇంట్లో కూడా జరిగి ఉండవు. సోమవారం ఫస్టవర్ మానేస్తే ఎంత తగ్గుతుంది, శనివారం ల్యాబ్‌కి వెళ్తే ఎంత పెరుగుతుంది, గోడ మీద పెన్సిలుతో పట్టిక, ఓనర్ చూడకుండా దాని మీద క్యాలెండర్. కాలేజీ రికార్డుల ప్రకారం ఈ ఏడాది నాకు రెండుసార్లు టైఫాయిడ్, ఒకసారి కామెర్లు వచ్చి తగ్గాయి. ఈ సంగతి మా అమ్మకి తెలియదు. తెలిస్తే దుర్గమ్మకి మొక్కుకుని ఇంద్రకీలాద్రి మెట్లెక్కి వెళ్తుంది, నా జబ్బు అబద్ధమైనా ఆవిడ మోకాళ్ళ నొప్పి నిజం కదా.

చదువు గురించి రెండు ముక్కలు చాలు. మా బ్రాంచి పేరులోనే ఏఐ ఉంది కాబట్టి అసైన్‌మెంట్లు దానిచేత రాయించడం ప్రాక్టికల్స్ కిందికే వస్తుందని మా అందరి అభిప్రాయం. అది స్క్రీన్ మీద రాస్తుంది, మేం తెల్లవార్లూ కూర్చుని చేత్తో రికార్డులోకి ఎక్కిస్తాం. యంత్రం ఆలోచిస్తోంది, మనిషి ప్రింటర్ పని చేస్తున్నాడు, నేను చేరిన కోర్సు ఇదే అనుకుంటా. సీ ప్రోగ్రాం పరీక్ష కూడా కాగితం మీదే. ప్రోగ్రాం రాసి, కింద స్కేలుతో ఒక డబ్బా గీసి, అందులో అవుట్‌పుట్ కూడా మనమే రాసేయాలి. రన్ చేయకుండానే అవుట్‌పుట్ తెలిసే విద్య ఇదివరకు చిలక జోస్యం వాళ్ళకే ఉండేది.

లింక్డ్‌ఇన్‌లో నా గురించి నేను రాసుకున్నది చదివితే నాకే భయమేసింది. గంటన్నర వెబినార్‌కి, అదీ కెమెరా ఆపేసి అన్నం తింటూ విన్నదానికి, "ఎంతో ఉద్వేగంతో ప్రకటిస్తున్నాను" అని మొదలుపెట్టాను. మా చిన్నాన్న కంగ్రాట్స్ అని కామెంట్ పెట్టి, ప్యాకేజీ ఎంతరా అని అడిగాడు.

మ్యాథ్స్ గురించి రాయకూడదనుకున్నా. కానీ నిజాయితీ కూడా వికాసంలో భాగమే అంటారు. ఇంటర్ మ్యాథ్స్‌లో ఏ పేపరూ బీ పేపరూ రెండూ 75కి 75. ఫస్ట్ సెమ్ లీనియర్ ఆల్జీబ్రా అండ్ క్యాలిక్యులస్ పోయింది. కేలీ-హామిల్టన్ సిద్ధాంతం రాయమంటే అందులో ఇద్దరు మనుషులున్నారన్న సంగతి తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. రిజల్ట్ వచ్చిన రోజు విజయవాడ బస్సులో ఇంటికెళ్తుంటే మంగళగిరి కొండ కనపడింది. అక్కడ పానకాల స్వామి ఎంత పానకం పోసినా సగమే తాగి, మిగతా సగం మనకే ప్రసాదంగా వదిలేస్తాడు కదా, నేనూ అంతే, సార్లు ఏడాది పొడుగునా పోసిన పానకం పరీక్షలో వాళ్ళకే తిరిగిచ్చాను అనుకుని కాసేపు ధైర్యం తెచ్చుకున్నాను. తాడేపల్లి దాటాక తట్టింది, స్వామి సగమైనా తాగుతాడు.

అసలు ఎదిగింది వర్క్‌షాప్‌లో. కంప్యూటర్లకి తెలివి నేర్పబోయేవాడు ముందు ఇనుము అరగదీయడం నేర్చుకోవాలని సిలబస్ వేసినవాళ్ళు అనుకున్నారు, నాకు అభ్యంతరం లేదు. ఫిట్టింగ్‌లో రెండు ఇనుప పలకలిస్తారు. ఒకదానికి వీ ఆకారంలో గాడి కోయాలి, ఇంకోదానికి ఆ గాడిలో కూర్చునేలా మొన తేల్చాలి. వైస్‌లో బిగించి, హాక్‌సాతో కోసి, ఆకురాయితో అరగదీయాలి, వారానికి మూడు గంటలు. మొదటి వారం బొటనవేలు బొబ్బ కట్టింది, రెండో వారం బొబ్బ పగిలింది, మూడో వారం ముక్కలు రెండూ కలిపి కిటికీకి ఎత్తి చూస్తే మధ్యలోంచి ఆకాశం కనపడింది. ల్యాబ్‌లో ఉండే బాబాయ్ ఒక కన్ను మూసి చూసి, "ఇందులోంచి సిటీ బస్సు పోద్దిరా" అన్నాడు.

ఆ రాత్రి ఒక సీనియర్ అన్న మా గదికొచ్చి, పేపర్లో చుట్టిన రెండు ముక్కలు చేతిలో పెట్టాడు. నూనె రాసి, తుప్పు పట్టకుండా దాచాడు. కలిపి చూస్తే వెంట్రుక దూరే సందు లేదు. "నంబరొకటి కొట్టేసుకో" అన్నాడు. మూల మీద ఆయన రోల్ నంబర్ పంచ్ చేసి ఉంది. తర్వాతి ల్యాబ్‌లో మూడు గంటలు నేను తలెత్తలేదు. ముందు గరుకు ఆకురాయి, తర్వాత సన్నది, ఆ పైన ఎమరీ పేపర్. అంకెలు ఒక్కొక్కటిగా పలచబడి, నీడలా మిగిలి, చివరికి వెండిలా మెరిసే చోటు వచ్చింది. దాని మీద సుత్తితో నా నంబర్ కొట్టుకున్నాను. ఏడాది మొత్తంలో నా చేత్తో నేను శ్రద్ధగా చేసిన పని ఏదైనా ఉందంటే అదే. ఇంటర్నల్‌లో మంచి మార్కులొచ్చాయి. ఎవరి ముక్కలు వాళ్ళకి ఇచ్చేశారు కూడా.

ఇక ఆ కాగితం. సోమవారం రాత్రి 11 దాకా ఎవరమూ ముట్టుకోలేదు. అప్పుడు మా టాపర్ అమ్మాయి తను రాసింది ఫోటో తీసి గ్రూపులో పెట్టింది, సాయంగా ఉంటుందని. పాపం ఉద్దేశం మంచిదే. మంగళవారం పదింటికి 66 మందికీ ఒకే వికాసం కలిగింది. "మహిళా సాధికారత విభాగంలో క్రియాశీల సభ్యురాలిగా పనిచేయడం వల్ల నాలో ఆత్మవిశ్వాసం పెరిగింది" అని 41 మంది మగపిల్లలం రాసిచ్చాం. అవును, నేను కూడా, ఇదంతా 18 గీతల్లో ఎక్కడ పడుతుంది చెప్పండి. సార్ ఒక టీ తాగే లోపల అన్నీ సంతకం చేసేశారు. ఒక్కటి మాత్రం మార్జిన్ కొట్టలేదని వెనక్కిచ్చారు. అది ఆ అమ్మాయిదే.

ఆదివారం ఇంటికెళ్ళాను. రోహిణి కార్తె ఎండ, మధ్యాహ్నం పూట విజయవాడలో కాకి కూడా బయట తిరగదు. నాన్నకి ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది, నన్ను ఆ ఇనుప రజను వైపు రానివ్వకూడదనే చిన్నప్పట్నుంచీ చదివిస్తున్నాడు. భోజనాలయ్యాక సంచిలోంచి ఆ రెండు ముక్కలు తీసి ఆయన చేతిలో పెట్టాను. మ్యాథ్స్ సంగతి ఇంకా చెప్పలేదు, అంతకుముందు ఏదో ఒకటి చూపిద్దామని.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, రెండూ కలిపి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూశాడు. తల ఊపాడు. తర్వాత బొటనవేలు మూల మీద, నా నంబర్ ఉన్న చోట, మెల్లగా పోనిచ్చాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు.

"ఇక్కడ పల్లం ఉందేంట్రా? ఏదో నంబర్ కొట్టేసినట్టుంది."

నేను మంచినీళ్ళ గ్లాసు వంక చూశాను.

"పనితనం మాత్రం బాగుంది" అన్నాడు నాన్న, ముక్క ఇంకా చేతిలోనే ఉంది. "ఎవరా కుర్రాడు? ఖాళీగా ఉంటే మన షాపుకి రమ్మను."

"సీనియర్ నాన్నా. కానీ ఆయన దగ్గరికి వచ్చేసరికే దాని మీద ఇంకో నంబర్ ఉందట."