జిల్లేడు చుట్టం

మొన్న ఏప్రిల్‌లో, ఇక్కడే టెక్సస్‌లో, మా అమ్మాయి స్కూలు తోటలో పిల్లలు మిల్క్‌వీడ్ ఆకులు తిరగేసి చూస్తున్నారు. ఒక ఆకు అడుగున గుండుసూది తలంత తెల్లటి గుడ్డు కనిపించింది. మోనార్క్ సీతాకోకచిలుకది. దగ్గరగా చూద్దామని నేను ఆకు తుంచబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "వద్దు నాన్నా, పాలు కళ్ళలో పడితే ప్రమాదం!" జిల్లేడు చెట్టు దగ్గర మా అమ్మమ్మ అచ్చం ఇదే మాట అనేది.

మిల్క్‌వీడ్, జిల్లేడు ఒకే కుటుంబం మొక్కలు. మోనార్క్ గొంగళిపురుగుకి మిల్క్‌వీడ్ ఆకే తిండి, ఇంకేదీ పడదు. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుని పక్షుల నుంచి తప్పించుకుంటుంది. మన ఊళ్ళలో జిల్లేడు మీద పాకే చారల పురుగు కూడా పెరిగి నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది. ప్లెయిన్ టైగర్ అంటారు, మోనార్క్‌కి దగ్గరి చుట్టమే. రథసప్తమికి తల మీద ఏడు జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసిన మనం పిల్లలకి ఇది చెప్పకపోతే ఎవరు చెబుతారు?

మన తెలుగు బడిలో పిల్లలు "సీతాకోకచిలుక" అని పదిసార్లు రాస్తారు, దాన్ని మాత్రం చూడరు. నెలకో ఆదివారం క్లాసు ఆరుబయటే పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఎన్ని గుడ్లు, ఎన్ని పురుగులు, ఏ రోజు చూశారో పిల్లలే తెలుగులో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మొగ్గ, పుప్పొడి, ఈనె లాంటి మాటలు చేత్తో తాకి నేర్చుకుంటే మరిచిపోరు. ఎండ, మట్టి, పురుగులంటే తల్లిదండ్రులకి టెన్షన్ ఉంటుంది, నాకూ ఉండేది. ఇండియా నుంచి వచ్చి నెలల తరబడి ఇంట్లోనే కూర్చునే తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు తోడొస్తే చాలు. వాళ్ళలో ఎందరో పొలం పని చేసినవాళ్ళే.

ఈ క్లాసు కోసం మిల్క్‌వీడ్ నాటేటప్పుడు ఒక్క జాగ్రత్త. నర్సరీల్లో ఎక్కువగా దొరికే ట్రాపికల్ మిల్క్‌వీడ్ వద్దు. చలికాలం అంతగా ఉండని చోట అది ఎండిపోకుండా నిలిచి, మోనార్క్‌లకి పట్టే ఒక పరాన్నజీవిని మోస్తుంది. యాంటిలోప్ హార్న్స్ లాంటి స్థానిక రకమే అడగండి. మోనార్క్‌లు మెక్సికో కొండలకి వెళ్తూ అక్టోబరులో మన టెక్సస్ మీదుగానే దాటుతాయి. వసంతంలో తిరిగి వచ్చేసరికి మొక్కలు ఉండాలంటే విత్తనాలు నవంబరులోనే వేయాలి. వాటికి చలి తగలందే మొలక సరిగా రాదు.

మన తెలుగు బడి హాలు వెనక నేల ఖాళీగానే ఉంది.