96 మెట్లూ, ఒక ఖాళీ సిలిండరూ

బావమరిది పెళ్ళికి చొక్కా కుట్టించుకుందామని వెళితే, దర్జీ నా వీపు మీద టేపు రెండుసార్లు వేసి, కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి వేశాడు.

"మీ కుడి భుజం అర అంగుళం కిందికి ఉందండీ. దూది పెట్టి కుట్టమంటారా?"

పన్నెండేళ్ళుగా విజయవాడలో గ్యాస్ సిలిండర్లు ఇళ్ళకు చేరవేస్తున్నవాణ్ణి. మోసేదంతా కుడి భుజమే. ఎడమ భుజం పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా పక్కన నిలబడి చూస్తుంది, అంతే. ఆ దూది మాట మా ఆవిడ చెవిన పడింది. "రేపు ఫొటోలో మీరు పడిపోతున్నట్టు ఉంటారు" అంది. పక్క వీధి జిమ్ములో చేరి రెండు భుజాలనూ సమానం చేసుకురమ్మని ఆజ్ఞ అయింది.

ఆదివారం సాయంత్రం వెళ్ళాను. నేర్పే కుర్రాడు కాగితం తీసి, "ఇంతకుముందు బరువులు ఎత్తిన అనుభవం ఉందా అన్నా?" అని అడిగాడు. లెక్క వేసుకున్నాను. సిలిండరులో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ సిలిండరే 15 కిలోల పైన ఉంటుంది, ఎంతో దాని మెడ దగ్గరే రాసి ఉంటుంది. రెండూ కలిపి ముప్పై అనుకుందాం. రోజుకు నలభై ఇళ్ళు, అంటే 1200 కిలోలు.

"ఉంది" అన్నాను.

"ఏ జిమ్ములో?"

"కొండ మీద."

కాగితం మీద 'కొత్త' అని రాసుకున్నాడు.

గోడ మీద కరణం మల్లీశ్వరి బొమ్మ ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆవిడ ఒక పద్ధతిలో 110, ఇంకో పద్ధతిలో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. శ్రీకాకుళం ఆడపడుచు కదా, చేతులెత్తి దండం పెట్టాను. కానీ బుర్ర ఊరుకోదుగా, ఎనిమిది సిలిండర్లు అని లెక్క కట్టేసింది. పైగా ఆవిడ ఎత్తాక ఖాళీది వెనక్కి తేనక్కర్లేదు.

కాళ్ళతో మొదలుపెడదామన్నాడు కుర్రాడు. దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పాడు గానీ, చేయించినవి గుంజీళ్ళే. ఎక్కాలు రాకపోతే మా మాస్టారు ఉచితంగా తీయించేవారు, ఇక్కడ నెలకింతని కట్టాలి. ఇనుప కడ్డీ 20 కిలోలు, అటూ ఇటూ బిళ్ళలు పదేసి. భుజాల మీద పెట్టాడో లేదో, నా కాళ్ళు వాటంతట అవే నడక అందుకున్నాయి. నాలుగడుగులు వేశాక "ఎక్కడికన్నా?" అని కేక పెట్టాడు. ఏం చెప్పను? బరువు భుజాన పడితే ఏదో ఒక ఇంటికి వెళ్ళాల్సిందే. పన్నెండేళ్ళ అలవాటు. నిలబడ్డచోటే కిందికీ పైకీ మోసే బరువును నేను అదే చూడటం.

పన్నెండేసి చొప్పున నాలుగు విడతలు, 48 గుంజీళ్ళు. "కండ పెరిగేది ఎత్తినప్పుడు కాదన్నా, విశ్రాంతి తీసుకున్నప్పుడు. రెండు రోజులు కాళ్ళకు పని చెప్పకండి" అన్నాడు. ఆ ముక్క మా ఏజెన్సీకి ఎవరు చెప్పాలి?

సోమవారం ఏమీ కాలేదు. తోటివాళ్ళ దగ్గర కాస్త గొప్పలు కూడా పోయాను. ఈ నొప్పి అప్పులవాడి లాంటిదనీ, మర్నాడు ఊరుకుని మూడోనాడు తలుపు తడుతుందనీ అప్పటికి తెలియదు.

మంగళవారం పొద్దున చిట్టినగర్ వైపు కొండ. బండి కిందే ఆపాలి, అక్కణ్ణుంచి మామ్మగారి ఇంటికి 96 మెట్లు. నిండు సిలిండరుతో మూలుగుతూనే అయినా ఎక్కేశాను. మామ్మగారు హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఫోను చేసి, అతను మీటింగులోంచి బయటికొచ్చి నాలుగంకెల కోడ్ చెప్పేదాకా అరుగు మీద కూర్చున్నాను. చేసిన తప్పు అదే. లేచేసరికి తొడలు నావి కావు.

ఖాళీది భుజాన వేసుకుని మొదటి మెట్టు దిగాను. మోకాలు వంగి, మళ్ళీ నిలబడటం మానేసింది. ఎక్కేటప్పుడు లేని బాధ దిగేటప్పుడు ఎందుకని తర్వాత కుర్రాణ్ణి అడిగితే, దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ ఒంటి బరువును ఆపాలట, గుంజీళ్ళకు దెబ్బతిన్నదీ అదేనట. ఆ క్షణాన నాకు తోచిన ఉపాయం ఒక్కటే. వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగడం. తొమ్మిది మెట్లు బాగానే జరిగింది. పదో మెట్టు మీద మేక ఉంది.

మేక తప్పుకుంది. నేను కూలబడ్డాను. సిలిండరు మాత్రం ఆగలేదు.

ఠంగ్. ఠంగ్. ఠంగ్. మెట్టుమెట్టుకూ కొండంతా మోగింది. మేము వచ్చినట్టు వీధికి తెలియడానికి స్పానరుతో సిలిండరు మీద కొడతాం కదా, అదే మోత, పదింతలు. అటూ ఇటూ తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ "అయ్యో" అనలేదు. "గ్యాస్ వచ్చిందే!" అన్నారు. నేను మెట్టు మీద కూలబడి తొడలు పట్టుకుని ఉండగానే, ఖాళీ సిలిండర్లు దొర్లించుకుంటూ ఏడుగురు బయటికొచ్చారు. ఒకావిడ చేతిలో పుస్తకం, ఇంకొకావిడ చేతిలో చిల్లర.

"పోయిన వారం బుక్ చేశాం బాబూ, మాది ముందు ఇవ్వు."

"మీ అందరివీ రేపండీ."

"మరి ఇంత చప్పుడు ఎందుకు చేశావు?"

కింద టిఫిన్ బండి ఆవిడ నీళ్ళ డ్రమ్ముకు తగిలి సిలిండరు ఆగింది. డ్రమ్ము సొట్టపోయింది. సిలిండరుకు గీత కూడా పడలేదు, దాన్ని చేసినవాడెవడో గాని. ఇక ఎలాగోలా లేద్దామని గోడ పట్టుకున్నాను.

పైనుంచి మామ్మగారి గొంతు వినపడింది.

"బాబూ! ఖాళీదే అంత మోత మోగిందే, నువ్వు ఇందాక తెచ్చిన నిండుది దింపితే చప్పుడే రాలేదేమిటి? అందులో గ్యాస్ ఉందా అసలు? తూచకుండానే వెళ్ళిపోతున్నావు. కాటా తీసుకుని ఒకసారి పైకి రా నాయనా."

కాటా కింద బండిలో ఉంది.