బోర్డు మీద జనవరి 26

(ఊరి గ్రంథాలయం. జనవరి 25 సాయంత్రం. ‘చరిత్రలో ఈ రోజు’ బోర్డు మీద మర్నాటి కోసం రమణ ఐదు వరసలు రాశాడు. 1788: సిడ్నీలో బ్రిటిష్ జెండా. 1930: పూర్ణ స్వరాజ్ దినం. 1950: రాజ్యాంగం అమలు. 1950: నిజాం రాజప్రముఖ్. 2001: భుజ్ భూకంపం. రిటైరైన సోషల్ మాస్టారు పేపరు మడిచి లేచి వచ్చారు.)

మాస్టారు: ఇదేంట్రా, కిరాణా చీటీలా ఉంది? ఉప్పు, పప్పు, భూకంపం.

రమణ: అన్నీ ఒకే తేదీన జరిగినవేగా మాస్టారూ. సరిచూసుకునే రాశాను.

మాస్టారు: తప్పని నేనన్నానా? ఏడాదికున్నవి 365 రోజులు. ప్రపంచ చరిత్రంతా అందులో కుక్కితే ఏ రోజుకైనా పాతిక సంగతులు తగుల్తాయి. ఇద్దరి పుట్టినరోజు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములైపోరు.

రమణ: 1930, 1950 అన్నదమ్ములే కదా?

మాస్టారు: అక్కడికే వస్తున్నా. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెస్. అధ్యక్షుడు నెహ్రూ. పూర్ణ స్వరాజ్యమే కావాలని తీర్మానం చేశారు. జనవరి 26న ఊరూరా జనం ప్రతిజ్ఞ చదివారు. అప్పట్నుంచి ఏటా అదే మన స్వాతంత్ర్య దినం. తీరా స్వాతంత్ర్యం వచ్చేసరికి తేదీ మౌంట్‌బాటన్ చేతిలో పడింది. జపాన్ లొంగిపోయి రెండేళ్లవుతుందని ఆగస్టు 15 అన్నాడాయన! పదిహేడేళ్లు జెండా ఎగరేసిన రోజుకి పని లేకుండా పోయింది. రాజ్యాంగాన్ని సభ ఆమోదించింది 1949 నవంబరు 26న. పౌరసత్వం లాంటి కొన్ని అధికరణాలు ఆ రోజే అమల్లోకొచ్చాయి. మిగతాదంతా రెండు నెలలు ఆపారు, జనవరి 26 కోసం. చరిత్రంటే అలా ఆగడంరా. నీ బోర్డు మీద అదెక్కడుంది? రెండు వరసలకీ మధ్య ఒక గీతైనా లేదు.

రమణ: గీత గీస్తాను. మరి 1930లో 26 ఎందుకైంది? జనవరిలో ఆఖరి ఆదివారం కాబట్టి. తర్వాతి ఏడాదైతే 25 అయ్యేది. మీ పునాదే కాకతాళీయం.

మాస్టారు: మొదలు కాకతాళీయమే, ఒప్పుకుంటా. ఇరవై ఏళ్లు దాన్ని వదలకుండా పట్టుకున్నారే, అది కాదు. సరే, నిజాం వరస విడిగా ఎందుకు? రాజ్యాంగం అమల్లోకి వచ్చాకే కదా హైదరాబాదులో ఆయన రాజప్రముఖ్ అయింది. 1950 కిందే రాయి.

రమణ: రాశాగానీ ఒళ్లు మండింది. పదహారు నెలల ముందు లొంగిపోయిన మనిషికి పదవేంటి?

మాస్టారు: గవర్నరు లాంటి హోదా, అంతే. ముఖ్యమంత్రి వెల్లోడి ఉన్నాడుగా.

రమణ: రజాకార్ల మాటో?

మాస్టారు: అది సెప్టెంబరు 17న చూసుకుందాం. విమోచనమా విలీనమా అని కిందటేడు ఇక్కడే రెండు కుర్చీలు విరిగాయి. ముందు సిడ్నీ చెరుపు.

రమణ: ఆస్ట్రేలియా డే అండీ. అక్కడ మా అక్కావాళ్లకి రేపు సెలవు కూడా.

మాస్టారు: ఉంచితే 1938 కూడా రాయి. ప్రభుత్వం 150 ఏళ్ల పండగ చేస్తుంటే మూలవాసులు అదే ఊళ్లో అదే రోజు సంతాప దినం జరిపారు. ఏరికోరి ఆ తేదీనే పట్టుకున్నారు. భూకంపానికి క్యాలెండరు తెలుసా? తుడిచెయ్.

రమణ: దానికి తెలీదు మాస్టారూ, పిల్లలకి తెలుసు. ఉదయం ఎనిమిదీ నలభై ఆరు. భుజ్ దగ్గరి అంజార్‌లో బడిపిల్లలు జెండాలు పట్టుకుని ఇరుకు సందులో ఊరేగింపుగా వెళ్తున్నారు. రెండు వైపులా ఇళ్లు మీద పడ్డాయి. పిల్లలూ టీచర్లూ కలిసి 180కి పైగా పోయారు. వాళ్లని ఆ సందులోకి తెచ్చింది 26 కాదా?

మాస్టారు: (కాసేపాగి) బళ్లు మామూలుగా నడిచే రోజైతే ఆ గోడల కింద ఇంకెంతమంది ఉండేవాళ్లో.

రమణ: అదీ తేదీ వల్లేగా!

(మాస్టారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. రమణ తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.)

మాస్టారు: అయితే ‘భుజ్ భూకంపం’ అని వదిలెయ్యకు. అంజార్ అని రాయి. ఊరేగింపు అని రాయి.

రమణ: చోటు చాలదండీ.

మాస్టారు: సిడ్నీ తీసెయ్.

రమణ: 1938 రాయమన్నారుగా?

మాస్టారు: ...అన్నాను కదూ. అక్షరాలు చిన్నవి చెయ్యి. ఆ చాక్‌పీసు ఇటివ్వు, గీత నేను గీస్తా.