దుప్పికి పడకటిల్లు

నర్సంపేట నుంచి పాకాల అడవి వైపు వెళ్లే దారిలో, మా ఊరి బంచరాయిలో, అంటే ఊరుమ్మడి మేత భూమిలో, ఈ వేసవిలో ఒక బోర్డు వెలసింది. ‘దుప్పుల విశ్రాంతి స్థలం, నిశ్శబ్దం పాటించండి’ అని రాసి, కింద బాణం గుర్తు కూడా వేశారు. ఆ బాణం ఎవరికి దారి చూపడానికో ఇప్పటికీ తేలలేదు. చుక్కల దుప్పి మన తెలంగాణ రాష్ట్ర జంతువు కనుక దానికి నాలుగు అక్షరాలు వచ్చే ఉంటాయని పెద్దలు భావించి ఉండవచ్చు.

బోర్డు దాటితే అసలు వైభవం మొదలవుతుంది. బలుసు, పరికి, రేగు కంపలను జేసీబీతో వేళ్లతో సహా పెకలించి, నేలను కడిగిన పళ్లెంలా చదును చేసి, అందులో వరుసగా పన్నెండు గుంతలు తవ్వి, వరిగడ్డి పరిచారు. గుంతల మధ్య ఎడాన్ని టేపుతో కొలిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఒకచోట జానెడు తేడా వచ్చిందని మేస్త్రీ చేత ఆ గుంతను పూడ్పించి మళ్లీ తవ్వించారు. దుప్పులు చీకట్లో తమ పడకను వెతుక్కోలేక ఇబ్బంది పడతాయేమోనని నాలుగు మూలలా సోలార్ దీపాలు నిలబెట్టారు. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి వంగి, గడ్డి మెత్తగా ఉందో లేదో అరచేత్తో నొక్కి చూసి, తృప్తిగా తల ఊపి, శాలువా కప్పించుకున్నారు. ఆ రాత్రికే పడకలన్నీ నిండాయి. పడుకున్నవి ఊరకుక్కలు.

ఆ సభలో వెనక నిలబడ్డ ఒక కురుమ పెద్దాయన మాత్రం, ‘దుప్పి పండాల్నంటె మంచమెయ్యాల్నా సారూ? ఓ పక్క జర ఇడిసిపెట్టుండ్రి, రెండు వానకాలాలు మేపకుంటె గడ్డే లేస్తది’ అన్నాడు. ఆయన మాటను మినిట్స్‌లో రాయలేదు. దుప్పి నెమరువేసే జంతువు. బయట గబగబా మేసి, చాటుకు చేరి, పడుకుని తీరిగ్గా నెమరేస్తుంది. తాను అందరినీ చూడాలి, తనను ఎవరూ చూడకూడదు. దానికి కావలసిన గది అదే. పాకాల అంచున నడుమెత్తు గడ్డిలో అది లేచిపోయిన చోటు చూశాను. కోలగా అణిగిన గడ్డి, అందులో అంటుకున్న నాలుగు వెంట్రుకలు, చేయి పెడితే ఇంకా పోని వెచ్చదనం. దానికి ఎవరూ టేపు పట్టలేదు.

గొర్రెలు గడ్డిని మొదలంటా మేశాయని, తప్పంతా కాపరులదేనని నివేదికలో రాశారట. నిజమే, మేశాయి. 2017లో ప్రభుత్వం తరఫున డెబ్బై అయిదు శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినవారు అవి ఎక్కడ మేయాలో చెప్పారా? బంచరాయిలో ఒక పక్కను గ్రానైటు క్వారీ తిన్నది, ఇంకో పక్కను ప్లాట్ల రాళ్లు తిన్నాయి. మిగిలిన తునకలో గొర్రె తిన్నదే నేరమైంది. ఆ తునకనే నాలుగు పాళ్లు చేసి, ఏటా ఒక పాలును మేపకుండా ఆపి, ఆ లోటుకు కాపరికి మేత ఇచ్చి ఉంటే గడ్డీ లేచేది, గొర్రే బతికేది.

దుప్పి పిల్ల పుట్టిన కొత్తలో తల్లి వెంట పరుగెత్తదు. తల్లి మేతకు వెళ్తే పొదలో ముడుచుకుని కదలకుండా ఉంటుంది. ఒంటి మీది చుక్కలు ఆకుల సందుల్లోంచి పడే ఎండమచ్చల్లో కలిసిపోతాయి. దాని ప్రాణానికి ఉన్న కాపలా అంతే. మొన్న ఒక పిల్ల ఆ చదును నేల మీద, ఒక్క కంప చాటైనా లేక, పట్టపగలు కుక్కల నోట పడింది. గుంతలో మెత్తగా పడుకున్న కుక్కలే లేచి వెళ్లాయి. ఈ హత్యకు ఆ కుక్కలను అనను. ఆ పొదలు పీకించిన చేతులకు ఇంకా శాలువాలు కప్పుతున్నారే, వాళ్లకు సిగ్గుండాలి!

ఆ వారమే తనిఖీ ఉందని గుంతల్లో కొత్త గడ్డి వేయించారు. తీసిన పాతగడ్డిని తన గొర్రెలకు వేసుకుంటానని పెద్దాయన అడిగితే, అది దుప్పుల కోటా అని చెప్పి, అక్కడే కుప్పపోసి తగలబెట్టారు.