బ్లడ్ గ్రూపు చూసి మేనరికానికి ముహూర్తమా?

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఒక పాత సందేశం కొత్త బట్టలు కట్టుకుని ఫోన్లలో తిరుగుతుంది. ఈసారి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా పెదనాన్నగారు పెట్టారు. అందులో ఉన్నది ఇదీ: భార్యాభర్తలది ఒకే బ్లడ్ గ్రూపు అయితే పిల్లలు లోపాలతో పుడతారు. గ్రూపులు వేరైతే మేనరికమైనా భయం లేదు. వంశంలో ఎవరికీ లేని జబ్బు పిల్లలకు రాదు. తల్లిదీ తండ్రిదీ కాని గ్రూపు బిడ్డకు వస్తే ‘ఆలోచించుకోవాలి’. బలమైన జన్యువే నెగ్గుతుంది.

ఇరవై ఏళ్లుగా పదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. పెదనాన్నగారికి గ్రూపులో ఎదురు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒకే గ్రూపు భయం. ఏ, బి గ్రూపులంటే ఎర్ర రక్తకణాల పైపొర మీది చక్కెర గుర్తులు. రెండూ లేకపోతే ఓ. ఆలుమగల గుర్తులు ఒకటైనంత మాత్రాన బిడ్డకు కీడేమీ లేదు. దక్షిణ అమెరికా ఆదివాసుల్లో దాదాపు అందరిదీ ఓ గ్రూపే. సందేశం చెప్పినట్లే జరిగితే ఆ జాతులు ఏనాడో అంతరించి ఉండాలి. జాగ్రత్త పడవలసిన సందర్భం ఒకటి ఉన్న మాట నిజమే. కానీ అది గ్రూపు కలిసినప్పుడు కాదు, ఆర్‌హెచ్ అనే మరో గుర్తులో భార్య నెగటివ్, భర్త పాజిటివ్ అయినప్పుడు. దానికీ 1968 నుంచి యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది, పాజిటివ్ రక్తానికి తల్లి ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టకుండా అది ఆపుతుంది. బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు తల్లికి వేస్తారు.

ఇక గ్రూపులు వేరైతే మేనరికానికి భయం లేదన్న మాట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. మిగతావి ఊరికే భయపెడతాయి, ఇది ఊరికే ధైర్యం చెబుతుంది. తల్లి ఏ, తండ్రి బి అనుకోండి. ఇద్దరిలోనూ ఒక్కో ఓ జన్యువు దాగి ఉంటే వాళ్ల పిల్లలకు ఏ, బి, ఏబి, ఓ, నాలుగింటిలో ఏదైనా రావచ్చు. ఒక కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్లకే గ్రూపులు వేరవుతుంటే, గ్రూపు కలవలేదని మేనమామా మేనకోడలూ పరాయివాళ్లయిపోతారా? పైగా ఈ గ్రూపును నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోము మీద ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బులు బీటా తలసీమియా, సికిల్ సెల్‌లకు మూలమైన జన్యువు 11వ దాని మీద ఉంటుంది. ఒకదాన్ని చూసి రెండోదానికి జోస్యం చెప్పడం, పక్కింటివారి జాతకంతో మనింట్లో లగ్నం పెట్టడం లాంటిది.

అసలు లెక్క వేరు. ప్రతి జన్యువూ మనలో జంటగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తలసీమియా వంటి అంతర్గత లక్షణం బయటపడాలంటే రెండూ లోపభూయిష్టమై ఉండాలి. ఒక్కటే అలా ఉన్నవారిని వాహకులంటారు. వాళ్లు మనలాగే తిరుగుతుంటారు. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 4లో 1. ఇప్పుడు ఒక అరుదైన లోపం 100 మందిలో ఒకరిలో దాగి ఉందనుకుందాం. అది మేనమామలో ఉంటే, బయటి సంబంధం చేసుకున్నప్పుడు వచ్చే పెళ్లికూతురిలోనూ ఉండే అవకాశం 100లో 1. అక్క కూతురిని చేసుకుంటే 4లో 1. తేడా అంతా ఇక్కడే ఉంది. ఇందులో రక్తం గ్రూపు ఊసే లేదు.

అలాగని మేనరికపు పిల్లలందరికీ ఏదో అవుతుందని అనడం లేదు. మా అమ్మానాన్నలది మేనరికమే, నేనూ మా చెల్లీ బాగానే ఉన్నాం. ఎవరి బిడ్డలకైనా పుట్టుకతో తీవ్రమైన లోపం ఉండే అవకాశం 100కి 2, 3 వరకు ఉంటుంది. మేనబావా మరదళ్ల పిల్లల్లో అది సుమారు రెట్టింపు. మేనమామా మేనకోడళ్ల బంధం ఇంకా దగ్గరిది.

వంశంలో లేనిది రాదంటారా? 1866లో జన్యుశాస్త్రానికి ఆద్యుడైన మెండెల్ అచ్చు వేయించిన బఠానీ లెక్కలు చూడండి. ఊదా పువ్వుల మొక్కనూ తెల్లపువ్వుల మొక్కనూ కలిపితే తొలి తరమంతా ఊదా రంగే. ఆ తరం సంతానంలో 705 మొక్కలకు ఊదా పువ్వులు, 224 మొక్కలకు తెల్లపువ్వులు పూశాయి. ఒక తరం కనబడకుండా పోయిన తెలుపు చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. మన ఇళ్లలో అది అయిదారు తరాలు కూడా దాక్కోగలదు.

‘ఆలోచించుకోవాలి’ అన్న ముక్క రాసినవారికి సిగ్గుండాలి. ఆ ఒక్క మాటతో ఎందరు ఆడవాళ్లను అనుమానించి ఉంటారో. ఏ, బి దంపతులకు ఓ బిడ్డ పుట్టడం మామూలే అని పైనే చెప్పాను. ఏబి, ఓ దంపతులకైతే సాధారణంగా ఏ గానీ బి గానీ వస్తుంది, అంటే బిడ్డ గ్రూపు ఇద్దరిలో ఎవరిదీ కాకపోవడమే అక్కడ రివాజు. ఇద్దరూ పాజిటివ్ అయినా నెగటివ్ బిడ్డ పుట్టవచ్చు. ఇవి చాలవన్నట్లు బాంబే గ్రూపు ఒకటుంది, 1952లో బొంబాయిలోనే బయటపడింది. మామూలు పరీక్షలో అది ఓ లాగే కనిపిస్తుంది. లోపల మాత్రం ఏ, బి జన్యువులు ఉండవచ్చు, వాటిని పిల్లలకు ఇవ్వనూ వచ్చు.

బలమైన జన్యువు సంగతి రెండు మాటల్లో తేల్చవచ్చు. బహిర్గతం అంటే జంటలో ఒక్కటి ఉన్నా పైకి కనబడేదని మాత్రమే అర్థం. బలానికీ మంచికీ సంఖ్యకూ దానితో పని లేదు. ఓ అంతర్గత లక్షణమే, అయినా మన దేశంలో ఎటు చూసినా ఓ వాళ్లే. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గతంగానే వస్తుంది, అయినా ఊరికొకరు కనబడడం కష్టం.

పెళ్లిచూపులకు ముందు గ్రూపు కార్డు అడగమని సందేశం చివర సలహా ఉంది. అడగదలచుకుంటే హెచ్‌పీఎల్‌సీ అనే హిమోగ్లోబిన్ పరీక్ష అడగండి, అబ్బాయికీ అమ్మాయికీ కూడా. బీటా తలసీమియా, సికిల్ సెల్ వాహకులెవరో అందులో తెలుస్తుంది. ఒకరే వాహకులని తేలితే ఆ సంబంధం వదులుకోనక్కర లేదు. వాళ్ల పిల్లల్లో ఎవరికీ ఆ జబ్బు రాదు, ఒక్కొక్కరు వాహకులయ్యే అవకాశం మాత్రం సగం.