ప్రతి గుమ్మానికీ అద్దె రసీదు

జనవరి నెలాఖరు. ఆఫీసంతా ఇన్‌కమ్ ట్యాక్స్ ప్రూఫులు అప్‌లోడ్ చేసే రోజులు. ఉన్న ఒక్క సర్వరూ నీరసించిపోతోందని ఇంకోటి తెచ్చారు. వచ్చే పనిని రెండూ పంచుకునేలా విండోస్ ఎన్‌ఎల్‌బీ (నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సింగ్)తో ఒకే జట్టుగా, అంటే క్లస్టర్‌గా, కలిపే పని నా నెత్తిన పడింది. జట్టు అడ్రస్ ఒక్క మిషన్‌దిలా ఉండాలా (యూనికాస్ట్), గుంపుదిలా ఉండాలా (మల్టీకాస్ట్) అని సెటప్ అడిగింది. ముందే టిక్కు పెట్టి ఉన్నదాన్ని కదపడం ఎందుకని యూనికాస్ట్‌తోనే ఓకే కొట్టేశాను.

మర్నాడు పొద్దున, మా మిషన్ల తీగలన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి మిలమిల, వినాయక చవితి పందిరిలా. అటుగా వచ్చిన మేనేజర్ గారు "అబ్బ, ఫుల్ స్పీడులో ఉందయ్యా!" అని భుజం తట్టి వెళ్లారు.

పది నిమిషాలకే గుమ్మం దగ్గర వేలిముద్రల మిషన్ మొద్దుబారింది. జనం వేలు పెట్టి, ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ పెట్టి, చివరికి తమ వేళ్లనే అనుమానించడం మొదలుపెట్టారు. అకౌంట్స్ మేడం "ప్రింటర్ పలకట్లేదు బాబూ" అంటూ వచ్చారు.

సంగతేమిటంటే, యూనికాస్ట్‌లో రెండు సర్వర్లూ 02-బిఎఫ్‌తో మొదలయ్యే ఒకే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మిషన్‌కుండే పేరు లాంటిది) పెట్టుకుంటాయి. ఒకే మ్యాక్ రెండు పోర్టుల్లో (తీగలు గుచ్చే కన్నాల్లో) కనబడితే స్విచ్ తికమకపడుతుందని, బయటికి పంపేటప్పుడు మాత్రం ఒకటి 02-01 అనీ, రెండోది 02-02 అనీ దొంగపేర్లు చెబుతాయి. స్విచ్ పాపం పంపినవాడి పేరు చూసే ఇల్లు గుర్తుపెట్టుకుంటుంది. ఇక 02-బిఎఫ్ గారిల్లు దానికెలా తెలుస్తుంది? ఎందుకొచ్చిన గొడవని ప్రతి గుమ్మంలోనూ ఒక కాపీ పడేస్తుంది. అలా మావాళ్ల అద్దె రసీదులన్నీ (సగం వాటి మీద సొంత మామగారి సంతకాలే) ప్రింటర్‌కీ, వేలిముద్రల మిషన్‌కీ కూడా అందాయి. అసలే 10 ఎంబీపీఎస్ ప్రాణం దానిది!

మల్టీకాస్ట్‌కి మార్చాను. మా అంతస్తులో సైటు తెరుచుకుంది, లైట్లు మాత్రం అలాగే మిలమిల. ఈలోగా పై అంతస్తు నుంచి ఫోన్: "సైటు చచ్చిపోయింది." ఒక్కరికుండే మామూలు ఐపీ అడ్రస్‌కి 03-బిఎఫ్‌తో మొదలయ్యే గుంపు (మల్టీకాస్ట్) మ్యాక్ ఏమిటని, అంతస్తుల మధ్య దారి చూపే రౌటర్ మొహం తిప్పేసుకుంది.

నెట్‌వర్క్ చూసే అన్న వచ్చాడు. "పెట్టేముందు నాకొక్క మాట చెప్పొచ్చు కదరా" అని గొణుక్కుంటూనే ఈ ఐపీకి ఈ మ్యాకేనని రౌటర్‌లో చేత్తో రాసి (దాన్నే స్టాటిక్ ఏఆర్‌పీ అంటారు), స్విచ్‌లో ఆ మ్యాక్‌ని సర్వర్లున్న రెండు పోర్టులకే కట్టేశాడు.

సాయంత్రానికి మిషన్ వేళ్లని గుర్తుపట్టింది, ప్రింటర్ పలికింది. మేనేజర్ గారు మళ్లీ వచ్చి స్విచ్ వంక దిగులుగా చూశారు.

"పొద్దున ఎంత బాగా వెలిగాయయ్యా! ఏం చెడగొట్టావు?"